రెండు దగ్గుల నూనె

ఆ నీలం గాజు గ్లాసు ఇంకా అలమర పైఅరలోనే ఉంది.
రంగు చూసి మనసు పారేసుకోకూడదని
నూనె రుచిచూసేవాళ్ళకి అలాంటివే ఇస్తారు.
ముప్ఫై రెండేళ్ళు లాంబెర్తో దాన్ని
ఎడమ అరచేతిలో పొదిగి, కుడిచేత్తో మూసి
గుడ్డు మీద కోడిపెట్టలా కూర్చునేవాడు.
తర్వాత చెయ్యి తీసి, ముక్కు లోపలికంటా దించి
"కోసిన గడ్డి. పచ్చి ఆర్టిచోక్. చివర్న బాదం పొట్టు" అనేవాడు.
ఓసారి "ఈ కాయలు రెండ్రోజులు బస్తాలో మగ్గాయి" అంటే
మిల్లు యజమాని మొహం మాడిపోయింది.

పోయిన ఫిబ్రవరిలో వారం రోజుల జ్వరం
వస్తూ ఏమీ తేలేదు, పోతూ ముక్కు పట్టుకుపోయింది.
ముక్కుందిలే. కళ్ళజోడు ఆనడానికి.

అప్పట్నుంచి వంట తనే చేస్తానన్నాడు.
మొదటిరోజే వెల్లుల్లి మాడింది.
ఇల్లంతా చేదు పొగ,
వీధి చివర ఇజొల్దా కిటికీ మూసుకుంది,
అతనొక్కడే నిమ్మళంగా గరిటె తిప్పుతున్నాడు.
నాకు నవ్వొచ్చింది. తర్వాత స్నానాలగదిలోకి పోయి
కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

రెండోవారానికి చెవితో వండడం మొదలెట్టాడు.
"మాట్లాడకు దొమితిల్లా, వెల్లుల్లి మాట్లాడుతోంది."
చల్లటి నూనెలోనే రేకులు వేస్తాడు. సన్నటి మంట.
ముందు చప్పుడే ఉండదు.
తర్వాత పక్కగదిలో ఎవరో కాగితం నలిపినట్టు.
తర్వాత చినుకు.
చినుకు వానయ్యేలోపే ఎండుమిరపకాయ తుంచి వేసి
స్పగెట్టి ఉడికిన నీళ్ళు గరిటెడు పోస్తాడు.
చుయ్యిమని లేస్తుంది. తల ఊపుతాడు,
పద్దు సరిపోయిన గుమాస్తాలా.
స్పగెట్టి పంటికింద కాస్త పలుకు తగలాలి.
అది పంటి సంగతి, పన్ను గట్టిదే.

జులైలో టమాటాల మీదికి బేసిల్ ఆకులు చేత్తోనే చిదిమేవాడు.
చిదిమాక వేళ్ళు అలవాటుగా మొహందాకా లేచేవి,
సగం దారిలో ఆగేవి,
ఏం చెయ్యాలో తెలీక ఏప్రన్‌కి తుడుచుకునేవి.

ఉడికిన తెల్ల చిక్కుడు గింజల మీద
పచ్చినూనె దారంలా పోస్తూ
"ఎంత?" అంటాడు.
నేను ఆపమనను. లీటరు ధర తెలిసీ ఆపమనను.

రుచి ఎలా ఉందని నేనడగను, అతను చెప్పడు.
ఒక్కసారి మాత్రం ఉప్పుడబ్బా జరుపుతూ అన్నాడు:
"తెలిసిన ఊరే. వీధిదీపాలు ఆర్పేశారు, అంతే."

నవంబరు. మొదటి గానుగ.
మిల్లు ముందు ట్రాక్టర్ల బారు, బురద, మంచు.
తొమ్మిది నెలలుగా ఆ దారి తొక్కని మనిషి
రొట్టె చంకలో పెట్టుకుని నా వెనకే వచ్చాడు.
అతని కుర్చీలో ఇప్పుడు తేక్ల, ఇరవై నాలుగేళ్ళ పిల్ల.
మమ్మల్ని చూసి నీలం గ్లాసు వీపు వెనక్కి దాచుకుంది.
"చూడమ్మా, చూడు, చల్లారిపోతుంది" అన్నాడు.

నెగడులో రొట్టె కాల్చి, వెల్లుల్లి రెబ్బ రుద్ది
గొట్టం కింద పట్టాడు.
మందంగా, మసకమసగ్గా, పచ్చగా పడింది నూనె.
కొరికాడు. నమిలాడు.
ఆ మొహం నాకు తెలుసు. ఏమీ లేదు.
మింగాడు.

దగ్గాడు.
కళ్ళలో నీళ్ళు తిరిగాయి.
ఇంకోసారి దగ్గాడు, నడుం వంగేదాకా.
గొంతులో ఘాటుకి ముక్కు అనుమతి అక్కర్లేదని
ఇన్నాళ్ళూ మాకెవరూ చెప్పలేదు.

పొలమారితే ఎవరో తలుచుకున్నారంటారు.
నెత్తిమీద తట్టాను,
కొండవాలులో మా నూట నలభై చెట్లలో
ఏది తలుచుకుందో.

"మొరాయోలో" అన్నాడు, బొంగురు గొంతుతో.
"తొందరగా కోసిన కాయ. పైవరస."
తేక్ల రిజిస్టరు తిప్పి చూసింది.
ఏమీ అనలేదు. వీపు వెనకనుంచి గ్లాసు తీసి
బల్ల మీద, అతని వైపు పెట్టింది.

నా కోసం కాల్చిన రెండో ముక్క
అదీ తనే తినేశాడు.